తిట్టేముందు... ‘ఏమైంది నాన్నా?’ అనండి!

క్లాసులో ఓ కుర్రాడు టీచర్ని బూతులు తిట్టాడు. మన దగ్గరైతే ఏం జరుగుతుంది? రెండు తగిలించి, ‘రేపు మీ నాన్నని తీసుకురా’ అంటారు. అమెరికాలో చాలాచోట్ల కొన్నాళ్లు బడికి రావద్దంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా ఊళ్లో, లింకన్ హైస్కూల్లో మాత్రం కథ మరోలా నడిచింది. ప్రిన్సిపల్ జిమ్ స్పోర్లెడర్ ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి, ‘నువ్వు ఇలా మాట్లాడేవాడివి కాదే, ఏమైంది?’ అన్నట్టు నెమ్మదిగా అడిగారు. చీవాట్లకి సిద్ధపడి వచ్చినవాడు ఆ ఒక్క ప్రశ్నకే కరిగిపోయాడు. తండ్రి తాగుబోతు. మాటివ్వడం, తప్పడం... ఊహ తెలిసినప్పట్నుంచీ అదే తంతు. మనసులో ఉన్నదంతా కక్కేశాక, ఎవరూ చెప్పకుండానే వెళ్లి టీచర్ని క్షమించమన్నాడు.

అలాగని శిక్ష లేదనుకునేరు... ఉంది! కాకపోతే ఇంటికి తరమలేదు. బళ్లోనే ఓ గదిలో, టీచర్ కళ్లముందు కూర్చుని చదువుకోమన్నారు.

నిజానికి స్పోర్లెడర్ కూడా అంతకుముందు కఠినమైన ప్రిన్సిపలే. 2010లో స్పోకేన్ నగరంలో జరిగిన ఓ సదస్సులో, ఎడతెగని భయం పిల్లల మెదడుని ఏం చేస్తుందో విన్నాక ఆయన పద్ధతి మారింది. 2009-10లో ఆ బడి పిల్లలు సస్పెన్షన్ల వల్ల పోగొట్టుకున్న రోజులు 798. మరుసటి ఏడాది 135. టీచర్లు రాసిచ్చే ఫిర్యాదులు 600 నుంచి 320కి దిగాయి. ఈ బడి మీద 2015లో ‘పేపర్ టైగర్స్’ అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

ఇంతకీ భయానికీ చదువుకీ లంకె ఏంటి? కాళ్ల దగ్గర పాము కనపడ్డ మనిషిని పదమూడో ఎక్కం ఒప్పజెప్పమంటే చెప్పగలడా? ఆ క్షణంలో ఒళ్లంతా పారిపోవడానికో, తిరగబడటానికో సిద్ధమవుతుంది, లేదంటే బిగుసుకుపోతుంది. పెద్ద దెబ్బ తిన్న పిల్లలకి పాము వెళ్లిపోయినా ఆ కంగారు పోదు. తలుపు దఢాలున కొట్టుకున్నా, వెనకనుంచి ఎవరైనా భుజమ్మీద చెయ్యి వేసినా చాలు. అల్లరి పిల్లాడు కనీసం కంటబడతాడు. నోరెత్తకుండా చివరి బెంచీలో కూర్చునే పిల్లని ‘బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకుంటాం. ఆ పిల్లని కనిపెట్టడమే కష్టం.

మన తీరప్రాంతాల సంగతే చూడండి. తుపాను వస్తే చాలా ఊళ్లలో బడే పునరావాస కేంద్రం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ... అలాంటి గాలివానలో అమ్మ కొంగు పట్టుకుని రాత్రంతా గడిపిన గదిలోనే, కొన్నాళ్లకి పలకా బలపం పట్టుకుని కూర్చోవాలి. వాన చినుకు పడగానే కిటికీవైపు చూసే పిల్లకి ‘ధ్యాస ఎక్కడుంది?’ అని మొట్టికాయ పడితే?

లింకన్ స్కూల్లో పిల్లలు రెండొందలమందే. పక్కనే వాళ్లకోసం ఆరోగ్య కేంద్రమూ ఉంది. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే మన బళ్లకి అదంతా తెచ్చి అతికించలేం. కానీ పైసా ఖర్చు లేనివి ఉన్నాయి. ఈ రోజు ఏ పాఠం తర్వాత ఏది అన్నది పొద్దున్నే బోర్డుమీద రాసేయడం. బెల్లు కాకుండా ఇంకేదైనా పెద్ద చప్పుడు కాబోతుంటే ముందే చెప్పడం. కంగారుగా ఉన్న పిల్లకి తలుపు కనపడేచోట కూర్చునే వీలివ్వడం. జరిగింది చెప్పమని నలుగురిలో నిలబెట్టి అడగకపోవడం. చేయి ఎత్తకపోవడం సరేసరి, 2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక శిక్షలనీ మానసిక వేధింపులనీ నిషేధించింది.

ఒక్క విషయంలో మాత్రం టీచర్లు జాగ్రత్తగా ఉండాలి. పిల్ల ఏదో చెప్పబోతూ ‘ఎవరికీ చెప్పనని ఒట్టేయండి’ అంటే వేయకూడదు. అది లైంగిక వేధింపు అయితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పితీరాలి. ‘నీకు సాయం చేసేవాళ్లకి మాత్రమే చెబుతా’ అనడం నిజాయతీ. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మానసిక సాయానికి టెలీమానస్ 14416, ఇందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు. టీచర్ వైద్యుడు కాదు, కానక్కర్లేదు కూడా. దారి చూపితే చాలు.

కరోనా కాటేసిన 2020, 2021ల్లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు ఇప్పటికీ మన తరగతుల్లో ఉన్నారు. వాళ్లకీ తెలుగు పీరియడ్‌లో ‘మా నాన్న’ వ్యాసం ఇస్తాం. ‘నాకు ఇష్టమైన మనిషి’ అని మారిస్తే అమ్మమ్మ గురించి రాసుకుంటారు. ప్రోగ్రెస్ కార్డు మీద ‘తండ్రి సంతకం’ అన్నచోట కూడా మరో మాట పడితే, ఆ ఖాళీని ఎవరితో నింపాలో తెలీక కార్డుని సంచి అడుగున దాచుకునే పిల్లాడు దాన్ని ఆరోజే ఇంట్లో చూపిస్తాడు.