స్త్రీల ద్విలైంగికత: లెక్కకెక్కిందెవరు?

ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా కూడా మనసూ కోరికా కలగడాన్ని ద్విలైంగికత అంటున్నాం. ఇద్దరి మీదా సమానంగానో, ఒకే కాలంలోనో కలగాలని లేదు. ఇంత మాత్రం సంగతి సమాజానికి మింగుడుపడదు. ఆమె మగవాణ్ని కట్టుకుంటే పాత ఇష్టాన్ని 'వయసు సరదా' అని కొట్టిపారేస్తారు. మరో స్త్రీతో ఉంటే మగవాళ్లంటే గిట్టదని తేల్చేస్తారు. పక్కన ఎవరున్నారో చూడ్డమే గానీ ఆమెనడిగేదెవరు?

పరిశోధకులు అడిగారు, కాని కొందర్నే. అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సే బృందం 1953లో స్త్రీల లైంగిక జీవితంపై పెద్ద గ్రంథం తెచ్చింది. మనుషుల్ని రెండు గాటలకే కట్టెయ్యకుండా, 1948 నాటి పురుషుల గ్రంథంలోని 0 నుంచి 6 దాకా కొలబద్దనే ఇక్కడా వాడారు. 0 అంటే పూర్తిగా పరలింగ ఆకర్షణ, 6 అంటే పూర్తిగా స్వలింగ ఆకర్షణ. మధ్య మెట్లు కూడా ఉన్నాయని ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయితే అందులో లెక్కకెక్కిన 5,940 మందీ తెల్లజాతి స్త్రీలే. నల్లజాతి స్త్రీలతో మాట్లాడి కూడా, సంఖ్య చాలదని పక్కన పెట్టారు. పుస్తకం పేరులో మాత్రం 'మానవ స్త్రీ' అని ఉంటుంది! కొందరి బతుకు అందరిదిగా చలామణీ కావడం మనం ఎరగని తంతా?

లీసా డైమండ్ 79 మంది స్త్రీలను పదేళ్లపాటు మళ్లీ మళ్లీ పలకరించి 2008లో ఫలితాలు ప్రకటించింది. ద్విలైంగికత ఓ మజిలీ, చివరికి అటో ఇటో తేలుతుందన్న నమ్మకం అక్కడ నిలవలేదు. ద్విలైంగికమనో, ఏ పేరూ వద్దనో చెప్పుకునే వైపుకి వచ్చినవాళ్లే, దాన్ని వదిలినవాళ్లకన్నా ఎక్కువ. ఇందులోనూ ఎక్కువమంది తెల్లవాళ్లే. నల్లజాతి కవయిత్రి జూన్ జోర్డన్, తనూ ద్విలైంగికే, 1991లో దీన్ని స్వేచ్ఛ ప్రశ్నగా ముందుకు తెచ్చింది. బహుజాతి మూలాలున్నవాళ్ల అస్తిత్వంతో పోల్చింది.

మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు, ఇష్టపూర్వక సంబంధాల మీద 377 సెక్షన్ పట్టు తీసేసింది. ఊరు తీసెయ్యలేదు. ద్విలైంగికత అంటే 'ఎవరికైనా సిద్ధం' అని అర్థం తీసే మగబుద్ధి ఉంది. దళిత స్త్రీ శరీరాన్ని తమ సొత్తనుకునే పెత్తందార్ల మధ్య ఆమె ఈ మాట పైకి అంటే ఏమవుతుంది? అందుకే 'మనలో అలాంటివాళ్లు లేరు' అనే జవాబును మేం నమ్మం. ప్రశ్నలు పట్టుకొచ్చింది ఏ కులం వాళ్లు, పక్కన అత్తో మొగుడో చెవొగ్గి కూచున్నారా, చెప్పింది బయటికి పొక్కితే రేపు కూలి పని దొరుకుతుందా అన్నవి ఆ జవాబు పక్కనే రాసి చూడాలంటాం.