సమాధి రాయి మీద 66 అక్షరాలు: యుద్ధంలో బిడ్డను కోల్పోయిన కుటుంబాలు ఏం రాసుకున్నాయి?

ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లో ఒకరు యుద్ధంలో చనిపోయారు. బాడీ ఇంటికి రాదు. సమాధి ఎక్కడో వేరే దేశంలో ఉంటుంది. దాని మీద మీరు రాయించుకోగలిగింది 66 అక్షరాలే, స్పేస్‌లతో కలిపి. ఏం రాస్తారు?

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఎన్నో కుటుంబాలకు నిజంగానే ఎదురైన ప్రశ్న ఇది. 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పెట్టారు. వాళ్ల రూల్స్ సింపుల్. బాడీలు వెనక్కి తీసుకురారు. ఆఫీసర్ అయినా, మామూలు సిపాయి అయినా అందరికీ ఒకేలాంటి రాయి. కుటుంబానికి మిగిలింది కింద ఆ ఒక్క లైను. దానికి మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు. తర్వాత కట్టడం, కట్టకపోవడం వాళ్ల ఇష్టం అన్నారు.

ఇక్కడే గొడవ మొదలైంది. చాలామంది క్రైస్తవ తల్లులు అడిగింది రాయి కాదు, సిలువ. ముగ్గురు కొడుకుల్ని పోగొట్టుకున్న లేడీ ఫ్లారెన్స్ సిసిల్ 1919లో ఎనిమిది వేలకు పైగా సంతకాలతో పిటిషన్ పెట్టారు. 1920 మే 4న పార్లమెంట్‌లో చర్చ జరిగింది. కమిషన్ మాత్రం తగ్గలేదు. ఎందుకంటే చనిపోయిన వాళ్లలో హిందువులు, ముస్లింలు, సిక్కులు, యూదులు కూడా ఉన్నారు. అందుకే రాయి అందరికీ ఒకటే, దాని మీద ఎవరి గుర్తు వాళ్లది. క్రైస్తవుల రాయి మీద సిలువ చెక్కారు. కాస్త పెద్ద శ్మశానాల్లో అయితే విడిగా ఒక పెద్ద రాతి సిలువ కూడా నిలబెట్టారు.

మరి ఆ లైనులో ఏం రాశారు? చాలామంది బైబిల్ వచనమో, కీర్తనలోని ఒక ముక్కో ఎంచుకున్నారు. ఎక్కువగా కనిపించే మాట నిద్ర, విశ్రాంతి. మన తెలుగు క్రైస్తవులు కూడా "ప్రభువునందు నిద్రించారు" అంటారు కదా, అదే నమ్మకం. నిద్రపోయినవాళ్లు మళ్లీ లేస్తారు, అంటే పునరుత్థానం. కొందరు మాత్రం కోపం, ప్రశ్న కూడా రాశారు. విశ్వాసం ఉంటే బాధ ఉండకూడదని ఎక్కడా లేదు.

అసలు సమాధే దొరకని వాళ్ల సంగతి? రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్‌కి కంటిచూపు సరిగా లేదు. తండ్రి సిఫారసు చేసి ఆర్మీలో చేర్పించాడు. 1915లో లూస్ యుద్ధంలో 18 ఏళ్లకే గల్లంతయ్యాడు. తర్వాత ఆ తండ్రే కమిషన్‌కి సలహాదారుగా పనిచేశాడు. పేరు తెలియని సైనికుల రాళ్ల మీద, వీళ్లెవరో దేవుడికి తెలుసు అనే అర్థమొచ్చే మాట ఆయన ఇచ్చిందే. 1936లో ఆయన చనిపోయేనాటికి కూడా కొడుకు సమాధి దొరకలేదు. ఒక సమాధి జాన్‌దేనని కమిషన్ 1992లో ప్రకటించింది.

మన దేశంలో చూడాలంటే కోహిమా వెళ్లండి. అక్కడ 1420 సమాధులున్నాయి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో స్మారకం కూడా అదే ఆవరణలో ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన మీ ముత్తాతల పేర్లు వెతకాలంటే కమిషన్ వెబ్‌సైట్‌లో ఫోన్ నుంచే ఫ్రీగా చూడొచ్చు. ఇప్పుడు దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్.

పేరు దొరికితే నవంబర్ 2న, సమాధుల పండుగ రోజు, ఇంట్లో ఒక కొవ్వొత్తి వెలిగించండి. ఆ మనిషి గురించి పిల్లలకి ఒక్క విషయమైనా చెప్పండి. మీ 66 అక్షరాలు ఏంటో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.