రంగుల బొమ్మ వెనక గళ్ల సంగతి

ఒక యంత్రభాగం ఎంత బరువు మోస్తుందో, ఎక్కడ విరుగుతుందో ముందే తెలుసుకోవడానికి ఇంజనీర్లు ఇప్పుడు ఎక్కువగా ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మీద ఆధారపడుతున్నారు. కంప్యూటర్ లెక్క కట్టి రంగుల బొమ్మ గీసి ఇస్తుంది. నీలం ఉన్నచోట స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) తక్కువ, ఎరుపు ఉన్నచోట ఎక్కువ. లెక్క సరిగ్గా వచ్చినా తప్పినా బొమ్మ మాత్రం అంతే ముచ్చటగా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

పద్ధతి మూలసూత్రం పెద్ద కష్టమేమీ కాదు. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్క ఒక ఎలిమెంట్, ముక్కల్ని కలిపే బిందువులు నోడ్లు, మొత్తం అల్లిక మెష్. బరువు పడ్డప్పుడు ఏ నోడు ఎంత జరిగిందన్నదే కంప్యూటర్ నేరుగా కట్టే లెక్క. పక్కపక్క నోడ్లు జరిగిన తీరులోని తేడాను బట్టి స్ట్రెస్‌ను ఆ తర్వాత రాబడుతుంది. అందుకే ఒకే మెష్‌లో జరుగుడు దాదాపు సరిగ్గా వచ్చి, స్ట్రెస్ ఘోరంగా తప్పే అవకాశం ఉంది. దూలం వంపు కొలతకు సరిపోయింది కదా, ఇక స్ట్రెస్ కూడా సరే అనేవాళ్లుంటారు. ఆ మాట నమ్మవద్దు.

అన్నిటికన్నా సులువైన మూడు నోడ్ల త్రిభుజాన్ని తీసుకోండి. దాని లోపల ఎక్కడ చూసినా స్ట్రెస్ ఒకే విలువ. అంటే ఏటవాలుగా పెరిగే స్ట్రెస్‌ను అది మెట్లుగా చూపిస్తుంది. మెట్టు పెద్దదైతే వాలు కొస ఎత్తు ఎప్పటికీ దొరకదు.

ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూద్దాం. వెడల్పాటి ఉక్కు రేకు మధ్యలో 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి రంధ్రం ఉంది. రేకును రెండు కొసలా 100 మెగాపాస్కల్ స్ట్రెస్‌తో లాగుతున్నారు. రంధ్రం అంచున, లాగే దిశకు అడ్డంగా ఉన్న చోట, స్ట్రెస్ సరిగ్గా మూడింతలు, అంటే 300 అవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే గణితంతో తేల్చాడు. ఆయన సూత్రం ప్రకారమే అంచు నుంచి 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే అది 152కి పడిపోతుంది, 10 మిల్లీమీటర్ల దగ్గర 122. ఇప్పుడు రంధ్రం పక్కన 10 మిల్లీమీటర్ల ఎలిమెంట్లు వేశామనుకోండి. ఎలిమెంట్ మధ్యలో విలువ అచ్చంగా సరిగ్గా వచ్చినా కనబడేది 152. 5 మిల్లీమీటర్లవి వేస్తే 193, 1 మిల్లీమీటరువి వేస్తే 269. మామూలు నిర్మాణ ఉక్కు 250 దగ్గర సాగడం మొదలుపెడుతుంది. ముతక మెష్‌ను నమ్మిన మనిషి, సాగిపోతున్న రేకుకు భేషుగ్గా ఉందని సంతకం పెట్టేస్తాడు.

అలాగని రేకు మొత్తం సన్నటి గళ్లు వేయడం దుబారా. మూడు కొలతల ఘన వస్తువులో గడి పొడవు సగం చేస్తే ఎలిమెంట్లు ఎనిమిది రెట్లవుతాయి. స్ట్రెస్ గబగబా మారే రంధ్రాలు, మలుపులు, వెల్డుల దగ్గర సన్నగా వేసి, దూరం పోయేకొద్దీ నెమ్మదిగా ముతక చేసుకుంటూ పోవాలి.

పరిమాణం తర్వాత ఆకారం. గణితం లోపల ప్రతి నాలుగు మూలల ఎలిమెంటూ ఒక సిసలైన చతురస్రాన్ని సాగదీసి, వంచి తయారుచేసిందే. ఆ వంపు మితిమీరితే, ఒక మూల కోణం 180 డిగ్రీలకు దగ్గరపడితే, లెక్క చెడుతుంది. పూర్తిగా చెడ్డదాన్ని సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఆగిపోతుంది. ఓ మోస్తరు చెడ్డవి మాత్రం చప్పుడు చేయకుండా దాటిపోతాయి, ప్రమాదం వీటితోనే. సన్నగా పొడుగ్గా ఉన్న ఎలిమెంటల్లా చెడ్డదని కాదు, పొడుగు వైపు స్ట్రెస్ పెద్దగా మారని చోట అది నిక్షేపంగా పనిచేస్తుంది. నాలుగు నోడ్ల టెట్రా (నాలుగు ముఖాల) ఎలిమెంట్లతో జాగ్రత్త. వంగాల్సిన భాగంలో అవి అసలు వస్తువు కన్నా బిగుసుకుపోయి స్ట్రెస్‌ను తక్కువ చేసి చూపుతాయి. పది నోడ్లవి వాడటం మేలు.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకునేవారికి నార్వే చెప్పిన పాఠం ఉంది. 1991 ఆగస్టు 23న స్టావెంగర్ దగ్గరి ఫియోర్డ్‌లో, చమురు–గ్యాస్ వేదిక స్లైప్నర్–ఎ కాంక్రీటు పునాదిని పరీక్ష కోసం నీళ్లలోకి దించుతున్నారు. ఆ పునాదిలో గుండ్రటి గదులు 24 ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మూడేసి గదుల నడుమ మిగిలిన త్రికోణపు సందుల్లో సముద్రం నీరు నిండుతుంది. ఆ రోజు ఆ నీటి ఎత్తు 65 మీటర్లకు చేరింది, అంటే చదరపు మీటరు గోడ మీద 65 టన్నులకు పైగా బరువు. ఒక గోడ చీలింది, తోడే పంపులు చాల్లేదు, నిర్మాణమంతా మునిగి అడుగున పగిలిపోయింది. రిక్టర్ స్కేలు మీద 3 తీవ్రత నమోదైంది. ప్రాణనష్టం లేదు కానీ నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు.

దర్యాప్తులో తేలిందేమిటంటే, ఆ త్రికోణపు గోడలను కోసేసే షియర్ బలాన్ని ఫైనైట్ ఎలిమెంట్ లెక్క 47 శాతం తక్కువగా చూపింది. గోడలు కలిసే మూలల దగ్గర మెష్ ముతకగా, ఎలిమెంట్లు ఒరిగిన ఆకారంలో ఉన్నాయి. లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఆ తప్పు అంకెల మీదే గోడల్లో ఇనుప కడ్డీలు వేశారు, వాటి కొసలు కాంక్రీటులో చాలినంత లోతుకు పోలేదు. తర్వాత జాగ్రత్తగా లెక్క కడితే గోడ 62 మీటర్ల నీటి ఎత్తు దగ్గర చీలాలని వచ్చింది.

సన్నటి మెష్ కూడా ఒకచోట మోసం చేస్తుంది. లోపలికి తిరిగిన పదునైన మూలను గుండ్రం చేయకుండా గీస్తే, ఎలాస్టిక్ సిద్ధాంతం ప్రకారం అక్కడ స్ట్రెస్‌కు అంతంటూ ఉండదు. మెష్ సన్నం చేసేకొద్దీ అంకె పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలబడదు. అసలు వస్తువులో ఆ మూలకు ఎంతో కొంత గుండ్రం ఉంటుంది. దాన్ని గీసి చూస్తేనే ఆ అంకెకు అర్థం.

హైదరాబాద్, బెంగళూరు ఇంజనీరింగ్ సర్వీసుల కంపెనీల్లో మన పిల్లలు చాలామంది మెషింగ్‌తోనే ఉద్యోగం మొదలుపెడతారు. దాన్ని గుమాస్తా పనిగా చూసే మేనేజర్లున్నారు. అది అన్యాయం. తప్పు పుట్టేదీ, దొరికేదీ ఆ బల్ల మీదే.

మీ ముందుకు స్ట్రెస్ రిపోర్టు వస్తే రంగులు తర్వాత చూడండి. ఎరుపున్న చోట మెష్‌ను దగ్గరగా చూపమని అడగండి. గడి పొడవు సగం చేస్తే అంకె ఎంత మారిందో, చేతి లెక్కతో పోల్చారో లేదో అడగండి. జవాబు లేకపోతే ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకండి.