వాగు ఒడ్డున విడిది

తెనాలి సమీపమున నున్న కొలకలూరు కృష్ణా డెల్టాలోని గ్రామము. అచట నేల చాప పరచినట్లు చదునుగా నుండును. నీరు కాలువలలో నడచును. లాకులును తూములును ఆ నీటిని అదుపులో నుంచును. కాలువకు నీరు ఎన్నడు విడుతురో, ఎన్నడు కట్టివేయుదురో రైతులు ముందుగనే తెలిసికొందురు. ఇట్టిచోట పెరిగిన బాలునకు నీరు సాధుజంతువు వంటిది. రమ్మన్న వచ్చును, పొమ్మన్న పోవును.

కాని కొండలలో నీరు అట్లు మెలగదు. కృష్ణానది డెల్టాకు చేరకముందు నల్లమల కొండలను చీల్చుకొని వచ్చుచున్నది. ఆ కొండలలో పుట్టిన వాగులు పెక్కు దానిలో కలియుచున్నవి. ఆ నదికి విజయవాడవద్ద 1855లో ఆనకట్ట కట్టిరి. పిమ్మట 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైనది. అక్కడనుండియే నీరు కాలువలలో ప్రవేశించి మనుష్యుని మాట వినుచున్నది. అంతకు పైన, కొండవాగుకు లాకులు లేవు. దానిని కాచువాడును లేడు. కావున డెల్టా బాలుడు కొండవాగు ఒడ్డున ఒక రాత్రి విడిది చేయదలచినచో, నీటిని గూర్చి తాను ఎరిగినదంతయు మరల నేర్చుకొనవలెను.

కొలకలూరునుండి గుంటూరు, వినుకొండ, దోర్నాల మీదుగా పోయినచో నల్లమల అడవి చేరవచ్చును. ఇచటి నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యము 1983లో పులుల సంరక్షణ పథకమున చేర్పబడినది. ఆత్మకూరు సమీపమున బైర్లూటివద్దను, నంద్యాలనుండి గిద్దలూరు పోవు మార్గమున పచ్చర్లవద్దను అటవీశాఖవారు యాత్రికులకు విడుదులు ఏర్పరచిరి. ఆ అడవిలో తరతరములుగా నివసించుచున్న చెంచులు అచట పనిచేయుచు యాత్రికులకు అడవిని చూపుదురు. అభయారణ్యమున ఎవరికి తోచినచోట వారు గుడారము వేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము లోపలికి పోవుటకు అనుమతి కావలెను; అచట నిప్పు పెట్టుట నేరము.

అనుమతి దొరకినను, చోటు ఎన్నుకొనుట ఒక విద్య. వాగు ఒడ్డున విడిది చేయువాడు ముగ్గురకు చోటు విడువవలెను. మొదట వరదకు, పిదప మృగములకు, ఆ పిదప దిగువనున్న జనులకు.

వాగు నడుమ మెత్తని ఇసుక తిన్నె కనబడినప్పుడు, గుడారమునకు ఇంతకంటె మంచిచోటు లేదని కొత్తవానికి తోచును. నేల చదును, రాళ్లు లేవు, నీరు చేతికందును. కాని ఆ ఇసుకను అచటికి తెచ్చినది వరదయే. ఏ నాడైనను తన చోటు తాను అడుగుటకు అది మరల వచ్చును. ఒడ్డున పొదలను పరికించినచో కొమ్మలకు చిక్కుకొన్న ఎండుగడ్డి, ఆకులు, పుల్లలు కానవచ్చును. వెనుకటి వరద అంత ఎత్తున పారినదని అవి తెలుపును. గుడారము ఆ గుర్తునకు పైనున్న గట్టుమీదనే వేయవలెను. రాత్రివేళ చల్లగాలి పల్లమునకు దిగును కనుక, గట్టుమీద చలియు కొంత తక్కువగా నుండును.

విడిదివద్ద ఆకాశము నిర్మలముగా నున్నంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. ఎగువకొండలపై వాన కురిసినచో ఆ నీరు కొంతసేపటికే దిగువకు వచ్చును. తేటనీరు మట్టిరంగునకు మారుట, ఆకులు పుల్లలు గుంపుగా కొట్టుకొనివచ్చుట, ఎగువనుండి హోరు వినబడుట దాని గుర్తులు. వీనిలో ఏ ఒక్కటి కనబడినను వస్తువులకై వెనుదిరుగక గట్టెక్కవలెను. మోకాలిలోతు నీరే యైనను, వేగముగా పారునప్పుడు మనుష్యుని పడద్రోయగలదు. ఇది నల్లమలకే పరిమితమైన మాట కాదు. తూర్పుకనుమలలో మారేడుమిల్లి సమీపమున జలతరంగిణి అను జలపాతము కలదు. 2024 సెప్టెంబరులో అచటికి విహారమునకు వచ్చిన వైద్యవిద్యార్థులు కొందరు అకస్మాత్తుగా వచ్చిన వరదలో చిక్కుకొనగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. చదువు లేక వారు చిక్కుకొనలేదు. నీరు వచ్చుటకును, మనుష్యుడు గట్టెక్కుటకును నడుమ దొరకు వ్యవధి అంత స్వల్పము.

ఇక మృగముల మాట. దుప్పి, కణితి, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత, పులి - వీనికన్నిటికిని వాగే చెరువు, వాగే చలివేంద్రము. సంజవేళను వేకువజామునను అవి నీటికి దిగును. తడియిసుకలో అడుగుజాడలు ఒక బాటగా నున్నచోట గుడారము వేసినచో, దాహముతో వచ్చిన ప్రాణికి దారి మూసినట్లగును. ఇప్పచెట్టు క్రిందను విడిది చేయరాదు. వేసవి తొలిదినములలో రాలు ఇప్పపూలకై ఎలుగుబంట్లు రాత్రివేళ వచ్చును. ఆహారపదార్థములు గుడారములో నుంచుకొనుటయు ప్రమాదమే. వాసన పట్టి జంతువులు వెదకుకొని వచ్చును. దోమతెర మరువరాదు. అడవిలో పులికంటె మలేరియాదోమకే ఎక్కువ వెరవవలెను.

మూడవవారు దిగువజనులు. వాగునీరు అద్దమువలె తేటగా నున్నను అది శుద్ధమని చెప్పరాదు. ఎగువన ఏ జంతువు దానిలో దిగినదో తెలియదు. త్రాగునీటిని కనీసము ఒక నిమిషము తెర్లకాచవలెను. సబ్బుతో స్నానము చేయదలచినవాడు బకెట్టుతో నీరు తెచ్చుకొని వాగుకు దూరముగా చేయవలెను. కాలకృత్యములకు వాగునుండి 60 మీటర్లకు తక్కువగాని చోటికి పోయి, జానెడు గొయ్యి త్రవ్వి, పిదప మట్టితో పూడ్చవలెను. ఒకడు వాగులో వదలిన మాలిన్యము మరియొకని కడవలోనికి చేరును.

నిప్పు విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. ఫిబ్రవరి మొదలుకొని అడవిలో ఆకు రాలి నేలయంతయు ఎండి యుండును. అప్పుడు ఒక్క రవ్వ ఒక కొండను దహింపగలదు. కావున పొయ్యి విడిది కాపరులు చూపినచోటనే వేయవలెను. పనియైన పిదప నీరు పోసి, కలియబెట్టి, బూడిద చేతికి చల్లగా తగులువరకు మరల పోయవలెను. పైకి బూడిద కప్పిన కణిక లోలోపల చాలసేపు బ్రతికియుండును.

తెల్లవారి గుడారము ఎత్తినప్పుడు, తెచ్చిన కాగితములు, సీసాలు, ప్లాస్టిక్ సంచులు అన్నియు తిరిగి తీసికొనిపోవలెను. ఆ చోట నలిగిన గడ్డితప్ప మరేమియు మిగులరాదు. ఆ గడ్డియు కొలదిదినములలో లేచి నిలుచును.

ఇంత శ్రమ యెవరి కొరకని విద్యార్థి అడుగవచ్చును. అతడు సెలవులు ముగిసి కొలకలూరు చేరి సాయంకాలము కాలువగట్టున నిలిచినప్పుడు, ఎదుట పారు నీటిలో నల్లమల వాగుల నీరు కొంత కలసియుండును. ఎగువన తాను శుభ్రముగా విడిచిన నీటినే దిగువన తన ఊరివారు పొలములకు పెట్టుకొనుచున్నారని అతనికి తెలియును. వాగుకు విడిచిన చోటు తన ఊరికి విడిచిన చోటే.