రసాయనములు ఒలికినప్పుడు కార్మికుడు చేయవలసినదేమి?

కర్మాగారపు గిడ్డంగిలో వరుసగా పేర్చిన పీపాలలో ఒకటి దొర్లి, మూత ఊడి, లోపలి ద్రవము నేలపై పారుచున్నదనుకొన్నచో, దానిని మొదట చూచిన కార్మికుడు ఏమి చేయును? పరుగున పోయి పీపాను నిలబెట్టబోవును; లేదా బకెట్టుతో నీళ్ళు తెచ్చి గుమ్మరించును; లేదా గోనెపట్టా వేసి తుడువబోవును. ఈ మూడును మంచి ఉద్దేశముతో చేయు పనులే. కాని ఒలికినది ఏమిటో తెలియక చేసినచో ఈ మూడును ప్రాణముమీదికి తేవచ్చును. ఈ తొలి ప్రేరణను ఆపి, దాని స్థానమున సరియైన అలవాటును నెలకొల్పుటయే కార్మికుల శిక్షణకు ముఖ్య ప్రయోజనము.

ఒకదానికి మందు, వేరొకదానికి ముప్పు

గాఢ గంధకికామ్లము నీటితో కలిసినప్పుడు మిక్కిలి వేడి పుట్టును. దానిపై కొద్దిగా నీరు పోసినచో ఆ నీరు వెంటనే మరిగి, ఆమ్లమును నలువైపుల చిందించును. ప్రయోగశాలలో ఆమ్లమును నీటిలో కొద్దికొద్దిగా పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదని చెప్పుటకు కారణమిదియే. అయితే ఆమ్లము ఒంటిమీద పడినప్పుడు మాత్రము ధారాళమైన నీటితో చాలసేపు కడుగవలెను. నేలమీది ఆమ్లమునకు, చర్మముమీది ఆమ్లమునకు నియమము ఒక్కటి కాదు.

నూనె ఒలికినచో రంపపు పొట్టు చల్లి పీల్పించుట వాడుకలోనున్న పద్ధతి. గాఢ నత్రికామ్లముపై అదే పొట్టు చల్లినచో, పొట్టు ఆక్సీకరణము చెంది గోధుమరంగు విషవాయువులు వెలువడును. పొట్టు అంటుకొనవచ్చును కూడ. అక్కడ పొడి ఇసుక వంటి మండని పదార్థము కావలెను. ఇక పెట్రోలు ఒలికిన గదిలో వాసన పోవుటకై విద్యుత్ పంకా వేయబోయినచో, స్విచ్చులో పుట్టు చిన్న నిప్పురవ్వయే ఆవిరిని అంటింపగలదు.

కావున మొదటి ప్రశ్న "ఎట్లు ఆపవలెను?" అని కాదు, "ఇది ఏమిటి?" అని. జవాబు పీపామీది చీటీలో ఉండును. రహదారిపై పోవు ట్యాంకర్లపై కూడ నాలుగంకెల సంఖ్యలు కనబడును. ఐక్యరాజ్యసమితి పద్ధతి ననుసరించి 1203 పెట్రోలునకు, 1017 క్లోరినునకు, 1005 నిర్జల అమ్మోనియాకు గుర్తులు.

గాలికంటె బరువా, తేలికా?

గాలి సగటు అణుభారము సుమారు 29. క్లోరిను అణుభారము 71. అనగా అది గాలికంటె దాదాపు రెండున్నర రెట్లు బరువైనది. అది గుంటలలోను, నేలమాళిగలలోను చేరును. అట్టిచోట కార్మికుడు పల్లమునకు దిగరాదు. గాలివాటునకు అడ్డముగా, మెరకవైపు పోవలెను. గాలి ఎటు వీచుచున్నదో చూపుటకే కర్మాగారములలో ఎత్తైన స్తంభమునకు గుడ్డ గొట్టమును కట్టుదురు. అమ్మోనియా అణుభారము 17 మాత్రమే. కాని ద్రవరూపమున నిలువచేసిన అమ్మోనియా కారినప్పుడు మిక్కిలి చల్లబడి, గాలిలోని తేమతో తెల్లని మంచువలె కొంతసేపు నేలనంటి పాకవచ్చును. లెక్కతోబాటు అనుభవమును ఎందుకు నేర్పవలెనో దీనివలన తెలియును.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నము చెంత ఆర్.ఆర్. వెంకటాపురములో ఒక నిల్వ ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పలువురు మరణించిరి. స్టైరీన్ అణుభారము 104. దాని అణువులు ఒకదానితో నొకటి కలియునప్పుడు వేడి పుట్టును. వేడి పెరిగినకొలది ఆ కలయిక మరింత వేగమగును. అట్టి ట్యాంకులో ఉష్ణోగ్రత పెరుగుటయే మొదటి హెచ్చరిక. ఆ హెచ్చరికను గుర్తించుట కూడ శిక్షణలోని భాగమే.

ముక్కును నమ్మరాదు. కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు, గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 100 పాళ్ళు చేరినచో వాసన పట్టు శక్తినే మందగింపజేయును. వాసన తగ్గినదని సంతోషించువాడు నిజమునకు ఎక్కువ ప్రమాదములో ఉండవచ్చును.

రక్షింపబోయి మరణించువారు

తొట్టిలోనో, మురుగుగుంటలోనో ఒకడు పడిపోవును. పైనున్న మిత్రుడు వానిని లాగుటకు దిగును, అతడును పడిపోవును. మూడవవాడును దిగును. ఇట్టి మూసిన స్థలములలో మరణించినవారిలో నూటికి 60 మందికి పైగా రక్షింపబోయినవారే యని అమెరికాలోని వృత్తి భద్రతా, ఆరోగ్య జాతీయ సంస్థ 1986లో హెచ్చరించినది. ముక్కునకు కట్టిన తడిగుడ్డ అక్కడ ప్రాణవాయువు నీయజాలదు. వడపోత ముసుగు సైతము ప్రాణవాయువు తక్కువైనచోట పనికిరాదు. గాలి సిలిండరును వీపున మోయు శ్వాసపరికరము ధరించి, వెలుపల మరియొకరు కాపుండగా మాత్రమే లోపలికి పోవలెను.

శిక్షణలోని మెట్లు

అందరికిని ఒకే శిక్షణ అవసరము లేదు. అమెరికాలో 1990లో అమలునకు వచ్చిన నియమములు దీనిని మెట్లుగా విభజించినవి. మొదటి మెట్టునందలి కార్మికుడు ప్రమాదమును గుర్తించి, కబురు చేసి, దూరముగా తొలగవలెను. అంతకుమించి ఏమియు చేయరాదు. రెండవ మెట్టువానికి కనీసము 8 గంటల శిక్షణ. అతడు కారుచున్న చోటికి పోక, దూరమునుండియే ఇసుకబస్తాలతో కాలువలకు అడ్డుకట్ట వేయును. తగిన దుస్తులు ధరించి, దగ్గరకు పోయి కన్నమును మూయువాడు మూడవ మెట్టువాడు. అతనికి కనీసము 24 గంటల శిక్షణ. ఆపైన ఆయా ద్రవ్యముల నిపుణులు, పని నడిపించు అధికారి ఉందురు.

విన్న పాఠము ఆపదలో జ్ఞప్తికి రాదు; చేతులతో చేసినది వచ్చును. కావున రంగునీళ్ళను ఒలికించి అభ్యాసము చేయింతురు. గంట మ్రోగగానే నిర్ణీతస్థలమున చేరుట, అచ్చట తలలు లెక్కించుట కూడ అభ్యసింపజేయుదురు. లెక్క తప్పినచో లోపల లేనివానికై మరియొకడు పోవలసివచ్చును.

భారతదేశమున 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాలులో మిథైల్ ఐసోసయనేటు వెలువడి వేలకొలది ప్రజలు మరణించిరి. తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ద్రవ్యముల అపాయములను కార్మికులకును, చుట్టుపట్ల ప్రజలకును తెలుపవలెనని విధించిరి. 1989 నాటి నియమములు, అపాయకర రసాయనములను పెద్దమొత్తములో నిలువచేయు కర్మాగారములు ఆపత్కాల ప్రణాళికను సిద్ధపరచవలెనని ఆదేశించినవి.

ఈ విద్యకు పునాది పాఠశాలలోనే పడవచ్చును. ప్రయోగశాలలోని ప్రతి సీసాచీటీని చదివించి, అది ఒలికినచో ముందు ఎవరికి చెప్పవలెనో, ఏమి చేయరాదో ఉపాధ్యాయులు విద్యార్థులచేత చెప్పింపవచ్చును. ఆగి, గుర్తించి, కబురు చేసినవానిని పిరికివాడని నవ్వరాదని కూడ వారికి అక్కడనే తెలియవలెను. అట్లు నవ్వుదురను భయముతోనే మూడవవాడు గుంటలోనికి దిగుచున్నాడు.