పేరు సరిగ్గ రాయించుకో

మా ఇంటాయన కాలం చేసి ఈ నెలతో ఏడాది నిండింది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లలో సగం మంది మాకు చుట్టాలు కారు. ఆయన ఎప్పుడో ఫారం నింపి పెట్టినవాళ్లు, లేదంటే వాళ్ల పిల్లలు. అందుకే నాలుగు మాటలు రాయమని మా మనవరాలు పట్టుబట్టింది.

కరీంనగర్ జిల్లాలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, 1960లలో ముంబై వచ్చారు. ఒక మిల్లులో ముందు బదిలీ, తర్వాత పర్మినెంట్. సాంచెల ఖాతాలో పని. వర్లీ బీడీడీ చాల్‌లో మాది ఒక్కటే గది. ఆదివారం వస్తే అందులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఏడో తరగతి దాకా తెలుగు చదివారు, మరాఠీ మిల్లులోనే నేర్చుకున్నారు. మొదట ఊరికి ఉత్తరాలు, మనిఆర్డర్లు రాసేవారు. తర్వాత పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ కాయితాలు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. చాయ్ మాత్రం నేను పెట్టాలి!

మనవాళ్ల అసలు చిక్కు పేరుతోనే. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడ చివర. మధ్యలో తండ్రి పేరు, ఆడవాళ్లకైతే మొగుడి పేరు. ఊళ్లో లచ్చయ్య అయినవాడు మిల్లు మస్టర్‌లో లక్ష్మణ్ అయ్యేవాడు. జీతం తీసుకున్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోరు. మనిషి పోయినంక తెలుస్తది.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ మాట మీద రెండున్నర లక్షల మంది పని మానేశారు. మా ఆయనకు మళ్లీ మిల్లు పని దొరకలేదు. భివండీకి పోయి పవర్‌లూమ్ నడిపారు, నేను బీడీలు చుట్టాను. చాల్ సగం ఖాళీ అయింది. ఊరికి పోయేవాళ్లకు ఆయన ఒకటే చెప్పేవారు: "బిందెలు అమ్ముకోండ్రి, టికెట్ కాయిదం మాత్రం పారేయకుండ్రి."

ఆ తర్వాత రెండేళ్లకు మా పక్క గది ఆయన ఊళ్లో చనిపోయాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. 1972 చట్టం ప్రకారం ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన గ్రాట్యుటీ రావాలి. చావు కాయితంలో ఒక పేరు, మస్టర్‌లో ఇంకో పేరు ఉండటంతో ఆఫీసులో ఆమెను వెనక్కి పంపారు. ముగ్గురు పిల్లలతో ఆమె మా గుమ్మం దగ్గర కూలబడింది.

మా ఆయన సర్పంచ్ దగ్గర రాయించారు, నోటరీ అఫిడవిట్ చేయించారు, పాత జీతం చిట్టీ, ఈఎస్ఐ కార్డు జతచేశారు. ఎనిమిది నెలలు తిరిగారు. తిరిగిన రోజల్లా కూలి పోయేది. "మన ఇంట్ల బియ్యం లేవు, నీకు ఊరోళ్ల కాయిదాలు కావాల్నా?" అని నేను అరిచాను. "కాయిదం లేకుంటే వాడు చేసిన ఇరవై రెండేండ్లు లేనట్టేనే" అన్నారు. డబ్బు వచ్చింది. ఆమె పెద్దకొడుకు సంవత్సరీకంలో దగ్గరుండి అందరికీ వడ్డించాడు.

2012లో మిల్లు కార్మికుల ఇళ్లకు మొదటి లాటరీ తీశారు, 6,925 ఇళ్లు. పనిచేసినట్టు రుజువు చూపమంటే జనం మళ్లీ మా గదికే వచ్చారు. అందరికీ ఇల్లు రాలేదు, మాకూ రాలేదు. కానీ ఆయన చెప్పినట్టు కాయితం దాచుకున్నవాళ్లు కనీసం వరుసలో నిలబడగలిగారు.

ఇంట్లోనూ అంతే. మనవడు పుడితే బిడ్డ మొహం కంటే ముందు జనన పత్రంలో అక్షరాలు చూసేవారు. కోడలు నవ్వేది. ఇప్పుడు మా మనవరాలు ఎక్కడ సంతకం పెట్టినా, ఆధార్‌లో, బ్యాంకులో, సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందా అని ముందు చూసుకుంటుంది. తాత చదువు అది.

మీరూ ఒకసారి చూసుకోండి. ఇంటాయన పేరు, మీ పేరు అన్ని కాయితాల్లో ఒకటేనా? నామినీగా ఎవరిని రాశారు? మనిషి ఉండగానే సరిచేయించండి.

ఇంకో మాట. ఆయన రేకు సందూకలో పదహారు మంది కాయితాలు అట్లనే ఉన్నయి. పాత టికెట్లు, జీతం చిట్టీలు, రెండు సర్వీసు సర్టిఫికెట్లు. మనుషులు ఊళ్లకు పోయారు, కొందరు తిరిగిరాలేదు. మీ నాన్నవో, తాతవో కావచ్చు. పత్రికవాళ్లను అడిగితే మా గది చెప్తారు. మిల్లు పేరు, ఖాతా పేరు చెప్పి తీసుకుపోండి. ఆదివారం రండి, ఇంట్లోనే ఉంటాను.