సెవెన్ కార్నర్స్‌లో గిన్నెడు ఫో

వాషింగ్టన్ నగరానికి ఆనుకుని ఉన్న ఉత్తర వర్జీనియా శివార్లలో కొత్త వియత్నాం హోటల్ తెరిస్తే, బోర్డు చదివేలోపే వాసన తగులుతుంది. ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క గోళ్ల రంగుల సెలూన్, చివర్న పన్ను లెక్కలు చూసే ఆఫీసు. మధ్యలో మొన్నటిదాకా షట్టరు దించి ఉన్న మడిగె. తలుపు తీయగానే అనాసపువ్వు, దాల్చినచెక్క, నిప్పు మీద కమిరిన అల్లం కలిసి గుప్పుమంటాయి. యాష్‌బర్న్ నుంచో హెర్న్‌డన్ నుంచో కారులో దిగిన తెలుగు కుటుంబానికి అది ఇంట్లో బిర్యానీ వండే ఆదివారం వాసనలాగే ఉంటుంది.

ఆ వాసన వచ్చేది ‘ఫో’ నుంచి. రాయడానికి ఫో అని రాస్తున్నా, పలికేటప్పుడు ‘ఫ’ అని మొదలుపెట్టి, ఏదో అడుగుతున్నట్టు చివర కాస్త పైకి లేపాలి. బియ్యప్పిండితో చేసిన పల్చటి నూడుల్స్, వాటి మీద మాంసం ముక్కలు, వాటిని ముంచెత్తుతూ పొగలు కక్కే ఎముకల రసం. చూడ్డానికి ఇంతే. ఇందులో పనంతా రసానిది.

ఎముకల్ని మొదట మరిగే నీళ్లలో వేసి, మురికి నురగ తేలాక ఆ నీళ్లు పారబోసి, ఎముకలు కడిగి, మళ్లీ కొత్త నీళ్లతో పొయ్యెక్కిస్తారు. ఉల్లిగడ్డల్ని, అల్లం కొమ్ముల్ని పొట్టుతోనే మంట మీద నల్లగా కాల్చి, మాడిన పొర గీకేసి అందులో వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, నల్ల ఏలక్కాయ, ధనియాలు దోరగా వేయించి గుడ్డలో మూటకట్టి వదులుతారు. తర్వాత గంటల తరబడి సన్నటి సెగ. తెర్లనివ్వకూడదు, తెర్లితే రసం మడ్డిగా మారిపోతుంది. మంచి ఫో రసం టీ డికాక్షన్ అంత తేటగా, గిన్నె అడుగు కనిపించేలా ఉంటుంది. మన పాయా, షోర్వా చిక్కదనంలో గొప్పవైతే దీని గొప్పతనం తేటదనంలో ఉంది. అనాసపువ్వుకు వియత్నాం ఉత్తర సరిహద్దులోని లాంగ్ సోన్ కొండలు పేరుపొందిన చోటు. ఆ దేశం అమ్మే అనాసపువ్వును కొనేవాళ్లలో మనవాళ్లు ముందు వరసలో ఉంటారు. హైదరాబాద్ బిర్యానీ డేగిసాలో పడేదీ, ఉత్తర వర్జీనియా ఫాల్స్ చర్చ్‌లో ఈ రసంలో తేలేదీ ఒకే కొండల పంట అయినా ఆశ్చర్యం లేదు.

ఫో మరీ పాతకాలపు వంటేమీ కాదు. సుమారు నూరేళ్ల కిందట వియత్నాం ఉత్తర భాగంలో, హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో కావడి మోసే వీధి వ్యాపారుల చేతుల్లో రూపు దిద్దుకుంది. 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి తరలిపోతూ దీన్ని సైగాన్‌కు తీసుకెళ్లారు. అక్కడి జనం తమ అలవాటు కొద్దీ పచ్చి ఆకులు, పెసర మొలకలు, నిమ్మచెక్క, తియ్యటి సాస్ పక్కన చేర్చారు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైంది. ఆ ఏడాది లక్షకు పైగా వియత్నామీయులు కాందిశీకులుగా అమెరికా చేరారు. అమెరికాలోని ఫో హోటళ్ల పేర్లలో అంకెలు కనిపించడం వెనుక చాలాచోట్ల ఈ చరిత్రే ఉంది. ఆర్లింగ్టన్‌లోని ‘ఫో 75’ పేరులో ఉన్నది దేశం విడిచిన ఆ సంవత్సరమే. తమకు అన్నిటికన్నా చేదైన ఏడాదిని తలుపు మీద రాసుకుని, లోపల వేడి వేడిగా వడ్డించే మనుషుల గుండెనిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి.

వర్జీనియాలో వాళ్లు మొదట నిలదొక్కుకున్నది ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో. డెబ్బయ్యో దశకంలో అక్కడ మెట్రో రైలు కోసం వీధులు తవ్వేశారు. పాత వ్యాపారులు ఖాళీ చేయడంతో అద్దెలు పడిపోయాయి. ఆ దుమ్ములోనే వియత్నాం కిరాణాలు, భోజనశాలలు వెలిశాయి. 1979 చివర్లో స్టేషన్ తెరుచుకుంది, అద్దెలు మళ్లీ ఆకాశాన్నంటాయి, దుకాణాలు ఒక్కొక్కటే మూటాముల్లె సర్దుకున్నాయి. వాటిలో చాలావాటికి ఫాల్స్ చర్చ్‌లోని సెవెన్ కార్నర్స్ కూడలి దగ్గర ఒక పాత షాపింగ్ సెంటర్ నీడ ఇచ్చింది. 1984లో దానికి ‘ఈడెన్ సెంటర్’ అని పేరు పెట్టుకున్నారు. సైగాన్ నడిబొడ్డున అదే పేరుతో ఒక వ్యాపార సముదాయం ఉండేది. ఇప్పుడు వందకు పైగా దుకాణాలున్న ఈ ఆవరణలో సైగాన్‌లోని బెన్ థాన్ మార్కెట్‌ను తలపించే గడియార స్తంభం ఉంది. ఇప్పుడు లేని దక్షిణ వియత్నాం జెండా, పసుపు మీద మూడు ఎర్ర చారలది, ఇక్కడ ఇంకా ఎగురుతోంది. క్లారెండన్ కథ ఇక్కడా పునరావృతమవుతుందేమోనన్న బెంగ ఈ దుకాణదారులను వదల్లేదు. చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న కొద్దీ ఆ బెంగ పెరగడం సహజం.

అద్దెకూ రుచికీ ఉన్న ఈ లంకె గురించి గట్టిగా రాసిన మనిషి ఇదే ప్రాంతంలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు టైలర్ కోవెన్. ఉత్తర వర్జీనియా, వాషింగ్టన్ హోటళ్లపై ఆయన ఏళ్ల తరబడి ఒక భోజన దర్శిని నడిపారు. 2012లో దీని మీద పుస్తకమే వేశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. అద్దె తక్కువైన చోట వంటవాడు సాహసం చేయగలడు, తనవాళ్లకు నచ్చేటట్టు వండగలడు. ఖరీదైన వీధిలో హోటల్ పెట్టినవాడు అందరినీ మెప్పించాలి కాబట్టి రుచిని చప్పబరుస్తాడు. పాత హోటల్ మూతపడిన మడిగె దొరికితే పొగగొట్టం, గ్యాస్ లైను, గ్రీజు తొట్టి అన్నీ ముందే ఉంటాయి, పెట్టుబడి బాగా తగ్గుతుంది. శివారు స్ట్రిప్ మాల్‌లో, లాండ్రీ పక్కన ఇంత మంచి తిండి దొరకడానికి కారణం ఇదే.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. మెనూలో ఎక్కువ భాగం గొడ్డుమాంసానిదే. ‘తాయ్’ అంటే పచ్చిగా తరిగిన పల్చటి ముక్కలు, రసం వేడికే ఉడుకుతాయి. ‘గాన్’ అంటే నరాల ముక్కలు. గొడ్డుమాంసం తినని తెలుగువాళ్లు ‘ఫో గా’ అడగాలి, అది కోడిమాంసంది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి: రసం కూడా కోడిదేనా అని విడిగా అడగాలి. కొన్నిచోట్ల ముక్కలు మాత్రమే మారతాయి, రసం అదే. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారులకు ‘చాయ్’ అన్న మాట గుర్తుంటే చాలు. మన టీతో దీనికి సంబంధం లేదు, బౌద్ధుల శాకాహారానికి పేరది. చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టని వియత్నామీయులు ఎందరో ఉన్నారు. మన ఏకాదశి పట్టింపు తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. చేపల సాస్ మాత్రం కూరగాయల వంటల్లోనూ పడుతుంది కాబట్టి దాన్నీ వద్దనాలి.

గిన్నె వచ్చీ రాగానే సాస్ సీసాల మీదికి చెయ్యి పోతుంది. పోనివ్వకూడదు. ముందు ఒట్టి రసం రెండు చెంచాలు తాగాలి. నాలుక మీద మొదట ఉప్పు, వెంటనే ఎముకల తీపి, గుటక వేశాక గొంతులో అనాసపువ్వు. ఆ తర్వాత పక్క పళ్లెంలోని ఆకులు తుంచి వేయాలి. మన తులసి పోలికతో ఊదారంగు కాడలున్న థాయ్ తులసి, రంపపు అంచుల పొడుగాటి ఆకు కొత్తిమీర. మొలకలు ముందే వేస్తే కరకర పోతుంది, కొన్ని కొన్నిగా వేసుకోవాలి. నిమ్మచెక్క ఆఖర్న. ఎడం చేత చెంచా, కుడి చేత పుల్లలు. పుల్లలు రాకపోతే ఫోర్క్ అడగొచ్చు. నూడుల్స్ జుర్రుకుంటే చప్పుడు వస్తుంది, ఫర్వాలేదు. కారం కావాలంటే కోడిపుంజు బొమ్మ సీసా ఉండనే ఉంది. ఆ శ్రీరాచా సాస్ తయారుచేసే హుయ్ ఫాంగ్ కంపెనీని 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన డేవిడ్ ట్రాన్ కూడా వియత్నాం కాందిశీకుడే. తనను మోసుకొచ్చిన ఓడ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. అజినోమోటో భయం ఉన్నవాళ్లకు ఒక మాట: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని సురక్షితమైన పదార్థాల్లోనే లెక్కగట్టింది.

కొత్త కొట్టును ఎలా తూచాలి? మెనూ ఒక్క కాగితంలో సరిపోతే మంచి గుర్తు. నూటయాభై వంటలున్న చోట రసం మీద ధ్యాస ఉండటం కష్టం. ఆకులు వాడిపోకుండా ఉన్నాయా, మొలకలు తెల్లగా ఉన్నాయా చూడాలి. సాయంత్రానికే రసం అయిపోయిందని చెబితే కోపగించుకోకూడదు. తెరిచిన కొత్తల్లో ఎంతమంది వస్తారో అంచనా దొరకదు, పొద్దున ఎక్కించిన గుండిగ ఖాళీ అయితే అప్పటికప్పుడు కొత్తది కాయలేరు. నీళ్లు కలిపి సర్దేవాడి కన్నా లేదని చెప్పేవాడు ఎంతో నయం.

వెళ్లాల్సిన వేళ కూడా ఒకటుంది. వియత్నాంలో ఫో ముఖ్యంగా పొద్దుటి తిండి, మనకు ఇడ్లీలాగా. శనాదివారాల్లో తలుపులు తీసిన మొదటి గంటలోనే రసం తాజాగా, నిండుగా ఉంటుంది. ఆ వేళకు పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కిటికీ పక్కన కూర్చుంటారు. గిన్నెతోపాటు చిన్న అల్యూమినియం ఫిల్టర్ ఒకటి వాళ్ల ముందుకు వస్తుంది. చుక్క చుక్కగా కాఫీ డికాక్షన్ గ్లాసులోకి దిగుతుంది, అడుగున రెండు వేళ్ల మందాన కండెన్స్‌డ్ మిల్క్. చివరి చుక్క పడేదాకా వాళ్లు తొందరపడరు. తర్వాత కలిపి, ఐసు ముక్కల మీద పోసుకుని, రెండో గుక్కకు మళ్లీ మాటల్లో పడతారు.